చేతిఫోను – రైతుల సహకార విద్య

ఆదోని వ్యవసాయ మార్కెట్టు యార్డులో ప్రత్తి రాసుల ప్రక్కన కూర్చుండి వేలమునకై ఎదురుచూచు రైతులను గమనించిన వారికి ఒక సంగతి తెలియకపోదు. ఇంచుమించు ప్రతివాని చేతిలోను ఫోను కలదు. ఒకడు గుంటూరు ధర వినుచున్నాడు. ఒకడు వానసూచన చూచుచున్నాడు. ఒకడు ఎవరో పంపిన పురుగుమందు వీడియోను ప్రక్కవానికి చూపుచున్నాడు. ఇరువదియేండ్లక్రింద పట్టణమునకు పోయి, రెండుమూడు దినములు కచేరీలచుట్టు తిరిగినను దొరకని సమాచారము నేడు పల్లెలోని రచ్చకట్టమీదనే దొరకుచున్నది. ఇది మేలే. కాని ఇంత సమాచారము దొరకిన రైతు అంత విద్య గలవాడైనాడా యని మనలను మనము ప్రశ్నించుకొనవలసియున్నది.

ఈ వ్యాసము వ్రాయువాడును రైతే. తన తప్పును ముందు చెప్పుకొని పిమ్మట ఇతరులకు హితము చెప్పుట న్యాయము. కొన్నియేండ్లక్రింద ఉల్లిపైరులో ఆకులు పండుబాఱుచుండగా, ఫోనులో నొక వాక్సందేశము వచ్చినది. రెండు మందులను, ఒక ద్రవపు ఎరువును ఒకే ట్యాంకులో కలిపి కొట్టిన పైరు తిరుగునని అందులో నొకడు ధీమాగా చెప్పినాడు. నేను మఱునాడే కొట్టితిని. మూడవనాటికి ఆకుల కొనలు మాడిపోయినవి. పంపినవానినడిగితిని. తనకు వేఱొకడు పంపినాడనెను. వానినడిగిన మఱియొకనిని చూపెను. మొదట చెప్పినవాడెవ్వడో నేటికిని తెలియదు. అప్పుడు మా పొరుగు పొలము పెద్దాయన గట్టుమీద నిలిచి, “నాయనా, చెప్పినవాడు ఏ యూరివాడు? వాని నేల ఎఱ్ఱదా, రేగడా? ఏ పొద్దున కొట్టినాడు? ట్యాంకునకెంత కలిపినాడు? కొట్టినపిమ్మట పంట ఏమైనది? ఈ అయిదింటిలో ఒక్కటైన నడిగితివా?” అనెను. ఒక్కటియు నడుగలేదు. ఆయనకు చదువు రాదు. కాని నాకు చేరినది వార్తయే గాని విద్య కాదని ఆయన అయిదు ప్రశ్నలలో తేల్చివైచెను.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినదియు ఇంతియే. వార్త వేఱు, విద్య వేఱు. వార్త యంత్రముచేత రాగలదు. అది విద్య కావలెనన్న, ఒకే పని చేయువారు నలుగురు కూడి దానిని ప్రశ్నించి, చేలో చేసి చూచి, ఫలితమును మరల నలుగురిలో చెప్పుకొనవలెను.

మగ్గమునొద్ద నేర్చిన పాఠము

ఇట్లు కలిసి నేర్చుకొనుట మన సీమకు క్రొత్తది కాదు. ఎమ్మిగనూరు చేనేతవారి యిండ్లలో బిడ్డకు నేతపని ఎవ్వరును పాఠముగా చెప్పలేదు. మొదట కండెలు చుట్టుచు కూర్చుండును. పెద్దలు పడుగు సరిచేయుచుండగా తెగిన పోగును అతుకును. ఏండ్లు గడచినపిమ్మట గుంటమగ్గములోనికి దిగును. ఆనాటికి వానికి నేత తెలియనిది కాదు. చూచుచు, చేయుచు, తిట్లు తినుచు, మెప్పులు పొందుచు పని వాని చేతికి పట్టుబడినది.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అను నిరువురు పండితులు 1991లో నొక గ్రంథమున ఈ విషయమునే శాస్త్రరీతిగా చర్చించిరి. లేవ్ ఆఫ్రికా ఖండమందలి లైబీరియా దేశపు దర్జీల నడుమ నుండి వారి శిష్యులు పని నేర్చుకొను తీరును పరిశీలించెను. అచ్చట శిష్యుడు మొదట గుండీలు కుట్టును, అంచులు మడచును. పిమ్మట కుట్టుపని నేర్చును. గుడ్డ కత్తిరించుట అన్నిటికంటె కడపట వచ్చును. ఏలయనగా కుట్టు తప్పిన విప్పవచ్చును, కత్తెర తప్పిన గుడ్డయే పోవును. ఇట్లు ఒకే పనిలో నుండి, ఒకరినొకరు ఎఱిగి, అనుభవములను, పనిముట్లను, మాటలను ఉమ్మడిగా కూడబెట్టుకొను సమూహమునకు ఆ పండితులు ఒక పేరు పెట్టిరి. దానిని మనము తెలుగున అభ్యాసగోష్ఠి యనవచ్చును. గ్రంథస్థమైన చదువు లేనిచోట గూడ గోష్ఠి యున్నచో విద్య నిలుచునని వారి సిద్ధాంతము.

సహకార సంఘములకును విద్యకును గల చుట్టఱికము అంతకంటె పాతది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది కలిసి అంగడి తెఱచినప్పుడు వారు పిండి, వెన్న, చక్కెర మాత్రమే అమ్ముకొని తృప్తిపడలేదు. పఠనమందిరము నేర్పఱచిరి. కొన్నియేండ్లకు మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించిరి. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రములలో అయిదవది సభ్యుల విద్య, శిక్షణ, సమాచారములను గూర్చినదే. మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘమును స్థాపించినప్పుడు, ఒంటరి నేతగానికి లేని బలము కూడిన నేతగాండ్రకు గలదను నమ్మకమే దానికి పునాది. నూలు విషయమున నిజమైనది విద్య విషయమున ఏల నిజము కాకూడదు?

రేడియోనాటి అనుభవము

క్రొత్త యంత్రము పుట్టినప్పుడెల్ల అదియే రైతునకు అన్నియు నేర్పునని ఆశపడుట లోకమున కలదు. ఆ ఆశ ఎంతవఱకు ఫలించునో రేడియో మనకు తెలిపినది. కెనడా దేశమున 1941లో వ్యవసాయ రేడియో గోష్ఠులు మొదలైనవి. చదువుము, వినుము, చర్చింపుము, చేయుము అనునవి వారి సూత్రములు. ఇరుగుపొరుగు రైతులు ఒక యింట చేరి ప్రసంగము వినుటయు, వెంటనే దానిని చర్చించుటయు, తమ తీర్మానమును వ్రాసి పంపుటయు వారి వాడుక.

మన దేశమున ఆకాశవాణియు యునెస్కో సంస్థయు కలిసి 1956లో నాటి బొంబాయి రాష్ట్రమున పూనా కేంద్రముగా సుమారు 150 గ్రామములలో నీ పద్ధతిని పరీక్షించినవి. వారమునకు రెండుమాఱులు, అరగంట చొప్పున, పది వారములు ప్రసంగములు జరిగినవి. గోష్ఠులు గల గ్రామములను, రేడియో యుండియు గోష్ఠి లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను పోల్చి చూచిరి. గోష్ఠులు గల గ్రామములవారు నేర్చినది అత్యధికము. రేడియో మాత్రమే యున్నచోట లాభము స్వల్పము. ఒకే ప్రసంగము, ఒకే యంత్రము. భేదమెల్ల వినినపిమ్మట జరిగిన చర్చలోనిది.

1989లో ఇండొనీషియా దేశమున వరిపైరును దోమ పాడుచేయుచుండగా మఱియొక పద్ధతి పుట్టినది. రైతులు వారమున కొకమాఱు చేలోనే కూడిరి. మొక్కను పట్టి చూచి, అందలి పురుగులలో శత్రువులెవ్వియో మిత్రులెవ్వియో లెక్కించి, బొమ్మ గీసి, మందు కొట్టవలెనా వలదా యని తామే నిర్ణయించిరి. ఆ రైతు క్షేత్రపాఠశాలయే మన రాష్ట్రమున వ్యవసాయశాఖవారి చేతులలో పొలంబడి యైనది. దానికి ఫోను అక్కఱలేదు. కాని ఫోను ఉన్నచో దానిని ఎచ్చట పెట్టవలెనో పొలంబడి మనకు చూపుచున్నది. పాఠము చెప్పువాని స్థానమున గాక, నలుగురు చూచినదానిని భద్రపఱచు పుస్తకపు స్థానమున పెట్టవలెను.

దేవనకొండలో జరిగినది

ఇక మన యింటి ముంగిట జరిగిన సంగతి. ఆదోనికి తూర్పుదిశనున్న దేవనకొండ మండలములో 2016 ఖరీఫునందు ఇక్రిశాట్ సంస్థయు, మైక్రోసాఫ్ట్ సంస్థయు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి 175 మంది వేరుసెనగ రైతులతో నొక ప్రయత్నము చేసినవి. ఆ ప్రాంతపు ముప్పదియేండ్ల వర్షపు లెక్కలను, అనగా 1986 మొదలు 2015 వఱకు గలవానిని, గణకయంత్రముచే పరిశీలింపజేసి, నేలలో పదను నిలుచు కాలమును అంచనా వేసిరి. ఆ యేటి వాతావరణ సూచనను దానికి జోడించి, విత్తవలసిన వారమును నిర్ణయించి, తెలుగున నొక చిన్న సందేశముగా రైతుల ఫోనులకు పంపిరి. ఖరీదైన ఫోను అక్కఱలేదు. అక్షరములు కనబడు మామూలు ఫోను చాలెను.

జూన్ మొదటివారమున తొలకరి పడుటతోడనే వేరుసెనగ విత్తుట అచ్చటి వాడుక. యంత్రము జూన్ నాలుగవవారము వఱకు ఆగుడని చెప్పెను. కార్తెల లెక్కలో చెప్పవలెనన్న, మృగశిర దాటి ఆరుద్ర ప్రవేశించువఱకు గొఱ్ఱు కట్టవలదనుట. ఆకాశమున మబ్బు కనబడుచుండగా విత్తనమును ఇంటిలో నుంచుకొని మూడు వారములు ఆగుట ఎంత కష్టమో రైతులకు చెప్పనక్కఱలేదు. విత్తుటతో ఆపక, విత్తనశుద్ధి, భూసారపరీక్షనుబట్టి ఎరువు, విత్తులోతు, కలుపు, కోత, కాయలను నీడన ఆరబెట్టుట, నిలువ మొదలగు విషయములపై సందేశములు కోతవఱకు సాగినవి. సూచనలను పాటించినవారి దిగుబడి సగటున నూటికి ముప్పది వంతు హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. మఱుసటియేట ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రములలో మూడువేలకు పైగా రైతులకు ఈ సూచనలు విస్తరించినవి.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది, కార్తెలను బట్టి విత్తు మన పూర్వుల విద్యకూడ ఏనాటినుండియో రైతులు కలిసి చూచి, గుఱుతుంచుకొని, సామెతలుగా అల్లుకొన్న వర్షపు లెక్కయే. యంత్రము చేసినది అదే పని, పెద్ద లెక్కతో. కావున దానిని మాయగా చూడనక్కఱలేదు, శత్రువుగాను చూడనక్కఱలేదు. రెండవది, అట్టి సూచన ఒక్క యేడాది తప్పినచో విత్తనము, ఎరువు, కూలి అన్నియు రైతు తలమీదనే పడును. యంత్రమునకు అప్పు లేదు. అందుచేత ఊరిలో ఎవరెవరు ఎప్పుడు విత్తిరి, ఎంత మొలక వచ్చెను, ఎంత పండెను అను లెక్కను రైతులే ఏటేట వ్రాసియుంచుకొనవలెను. సూచన ఎంతవఱకు నమ్మదగినదో ఆ పుస్తకమే చెప్పవలెను గాని పంపినవాడు చెప్పరాదు.

పొరుగువాని పొలము తెరమీద

ప్రత్తిరైతులకు దగ్గఱి ఉదాహరణములు మఱి రెండు కలవు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ 2004లో ఈ-సాగు అను పథకమును మొదలుపెట్టెను. వరంగల్లు ప్రాంతపు ఊరుగొండ, గూడెప్పాడు, ఓగులాపురము గ్రామములలో 2004-05లో 1,051 ప్రత్తిచేలకు ఇది నడచెను. చదువుకొన్న స్థానిక యువకులు కొలది దినముల కొకమాఱు ప్రతి చేనికిని పోయి పైరు ఛాయాచిత్రములు తీసి, వివరములు వ్రాసి పంపుదురు. హైదరాబాదులోని నిపుణులు ఆ చేను చరిత్రనంతయు ముందుంచుకొని, ఆ చేనికి తగిన సలహానే పంపుదురు. రైతు అడుగకమునుపే సలహా వచ్చుట దీని విశేషము. పదిమందికి ఒకే మాట చెప్పుట గాక, ఎవరి చేనికి తగిన మాట వారికి చెప్పుట దీని గుణము. ఆ కాలమున పల్లెలలో వేగవంతమైన ఇంటర్నెట్టు లేనందున చిత్రములను సీడీలలో నెక్కించి కొరియరున గూడ పంపిరి. నేడు ఆ చిత్రము ఫోనునుండి నిమిషములో పోవును. కాని చేనిగట్టున నడచి, సరియైన ఆకును తిప్పి చూపు మనుష్యుని అక్కఱ నేడును తీఱలేదు.

రెండవది డిజిటల్ గ్రీన్ సంస్థ పని. ఇది 2006లో బెంగళూరులో మొదలైనది. వీరు పట్టణపు నటులతోగాక పల్లెలోని రైతుచేతనే వాని పొలములోనే పని చేయించి, వాని భాషలోనే చెప్పించి, వీడియో తీసిరి. దానిని చిన్న గుంపులకు చూపుచు, నడుమ నాపి, “మీలో ఎవరు చేసిచూచిరి? ఏమి కష్టము వచ్చెను?” అని స్థానికుడైన మధ్యవర్తి ప్రశ్నించును. కర్ణాటకమున 16 గ్రామములలో 13 నెలలు జరిపిన పరీక్షలో, వాడుకలోనున్న విస్తరణ పద్ధతికంటె ఏడురెట్లు ఎక్కువగా రైతులు క్రొత్త పద్ధతులను చేపట్టిరనియు, ఒక్కొక్కరిచే చేపట్టించుటకైన ఖర్చు పదింట నొకవంతేయనియు 2009లో ప్రకటించిరి. తెరమీద కనబడినవాడు మనవంటి వాడే, మన రేగడిలోనే చేసినాడు అన్నప్పుడు పుట్టు నమ్మకము, ఎంతటి పండితుని ఉపన్యాసమునకును పుట్టదు. మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ నడుపు ప్రకృతి వ్యవసాయమునందును మహిళా సంఘముల గోష్ఠులకును, తోటిరైతునకు నేర్పు అనుభవజ్ఞులైన రైతులకును ప్రధానస్థాన మీయబడినది. ఆ కార్యక్రమమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానమునందు భాగము లభించినది.

ఒంటరిగా గెలువరాని పురుగు

కలిసి నేర్చుకొనుట మంచిదని చెప్పుట సులభము. కలిసి నేర్వనిచో మన సీమకేమి నష్టమో చూతము. ప్రత్తిని తినుచున్న గులాబిరంగు పురుగు ఇందుకు సాక్షి. మన దేశమున బీటీ ప్రత్తికి 2002లో అనుమతి వచ్చెను. రెండు జన్యువులు గల రెండవ తరపు విత్తనము 2006లో వచ్చెను. 2010 నాటికి గుజరాతులో మొదటి తరమునకు ఈ పురుగు తట్టుకొనుచున్నదని బయలుపడినది. పిమ్మట కొలదియేండ్లకే రెండవ తరమునకును లొంగక, తెలుగు సీమల వఱకు వ్యాపించినది.

దీని స్వభావమెట్టిదనగా, పిల్లపురుగు కాయలోనికి చొచ్చినపిమ్మట పైన కొట్టిన మందు దానికి తగులదు. లోపలనుండి గింజను తిని, దూదిని గుడ్డిదిగా చేయును. పంట తీసినపిమ్మట విడువని కాయలలోను, జిన్నింగు మిల్లులలోని గింజలలోను, చేలో నిలిచిన కట్టెలలోను నిద్రించి, మఱుసటి పైరునకు సిద్ధముగా నుండును. ఆదోని జిన్నింగు మిల్లుల పట్టణము. చుట్టుప్రక్కల ప్రత్తి అంతయు అచ్చటికి చేరును. కావున ఒక రైతు తన చేనిని ఎంత శుభ్రముగా నుంచుకొన్నను పొరుగు చేని రెక్కలపురుగు గట్టు దాటి రాకమానదు.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయములన్నియు ఊరంతయు చేయవలసినవే. విత్తిన 45 దినములకు లింగాకర్షక బుట్టలు కట్టవలెను. ఉనికి తెలిసికొనుటకు ఎకరమునకు నాలుగును, ఎక్కువగా పట్టి చంపుటకు ఎనిమిదియు కట్టుదురు. ఒక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు మగ రెక్కలపురుగులు పడినచో, లేక నూటికి పది పువ్వులు ముడుచుకొని గుడ్డిపూలైనచో, లేక కోసిచూచిన పచ్చికాయలు ఇరువదింట రెండు పుచ్చినచో చర్యకు సమయము వచ్చినట్లు. డిసెంబరు ముగియులోపల, తప్పినచో జనవరిలో, పంట ముగించి, గొఱ్ఱెలు మేకలచే మేపించి, కట్టెను ముక్కలుచేసి నేలలో కలుపవలెను. నీరున్నదని వేసవివఱకు ప్రత్తిని సాగనిచ్చుట పురుగునకు అన్నదానము చేయుటయే.

ఇచ్చట ఫోనునకు తగిన పని దొరకుచున్నది. ఒక గ్రామమున ఇరువదిమంది రైతులు ప్రతి ఉదయము బుట్టలు చూచి, పడిన పురుగుల సంఖ్యను ఒకే వాట్సాప్ గుంపులో వ్రాసినచో, ఏడెనిమిది దినములలో ఊరి పటముమీద పురుగు ఎటునుండి వచ్చుచున్నదో తెలియును. ఎమ్మిగనూరు సమీపమున బనవాసిలోని కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞులకు ఆ లెక్కను చూపి సలహా పొందవచ్చును. ఒంటరి రైతు చూచినది ఒక బుట్ట. గోష్ఠి చూచినది ఊరు. ఏ వీడియోయు, ఏ యాప్పును మన ఊరి బుట్టలలో పడిన పురుగులను మనకు చెప్పజాలదు. ఆ విద్య మనమే పుట్టించుకొనవలసినది.

గోష్ఠికి వెలుపలనున్నవారు

ఇట్టి గుంపులు ఇప్పటికే పలుచోట్ల కలవుగదా యందురేమో. కలవు. కాని వానిలో ఎవరు లేరో చూడవలెను. ప్రత్తి తీయువారు స్త్రీలు. పుచ్చిన కాయను మొదట చూచునది వారి కన్ను. అయినను ఇంటిలోని మంచి ఫోను మగవాని జేబులో నుండును. మొదట చూచినవారు గోష్ఠిలో లేనిచో వార్త వారము ఆలస్యముగా వచ్చును. కౌలురైతు పేరు భూమి పత్రములలో లేనందున అనేక పట్టికలలో ఉండదు. అయినను పురుగుమందు కొట్టునది వాడే, నష్టపడునది వాడే.

మఱియొక వర్గము మన పడమటి మండలములకు ప్రత్యేకము. ఇచ్చట పని లేక, ఇండ్లకు తాళములు వేసి, బిడ్డలను వెంటబెట్టుకొని గుంటూరు మిరపచేలకును, ఇతర సీమలకును సుగ్గికి పోవు కుటుంబములు వేలకొలది. వారి చిన్నచేలలో ప్రత్తికట్టె అట్లే నిలిచియుండును. ఆ కట్టెలోని పురుగు వారి పేదఱికమును చూచి ఆగదు, ఊరివారి చేలమీదను పడును. కావున సుగ్గికి పోయినవాడు గోష్ఠికి బయటివాడు కాడు. వాడు గుంటూరులో నున్నను ఫోనుద్వారా అనుమతి తీసికొని, వాని చేని కట్టెను సంఘము యంత్రముచే తీయించి, ఖర్చును లెక్కలో వ్రాసికొనవచ్చును. మంచి ఫోను చేయగల ఉపకారములలో నింతకంటె పెద్దది మాకు తోచలేదు.

భాష సంగతి యొకటి. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనిది. ఇచ్చటి యిండ్లలో తెలుగుతోపాటు కన్నడమును, ఉర్దువును వినవచ్చును. చదువు రానివారు, తెలుగు లిపి రానివారు గుంపులో మౌనముగా నుందురు. వారికి వ్రాతకంటె వాక్కు సులభము. నిమిషమునకు మించని వాక్సందేశమును ఏ భాషలో చెప్పినను వినెదమను నియమమున్నచో వారును నోరు విప్పుదురు.

మన సంఘములు చేయదగిన పని

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను గణకయంత్రములతో నడిపించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయల పథకమునకు ఆమోదము తెలిపినది. 63,000 సంఘములు నాడు అందుకు లక్ష్యముగా నుండెను. లెక్కలు యంత్రమున కెక్కుట మంచిదే. సభ్యుల అనుభవముకూడ అదే శ్రద్ధతో పుస్తకమున కెక్కవలెనని మా మనవి. ఇందుకు పెద్ద ధనము అక్కఱలేదు. ఈ క్రింది నియమములు చాలును.

1. గోష్ఠి చిన్నది కావలెను. ఒకే గ్రామము, ఒకే పంట, ఇరువది మొదలు ముప్పది మంది. ఒకరి పొలము ఒకరు చూడగల దూరమున నుండవలెను. వేలమంది గల గుంపులో ఎవ్వడును తన తప్పు చెప్పుకొనడు. తప్పు చెప్పుకొననిచోట విద్య పుట్టదు.

2. వారమున కొకమాఱు చేలోనే కూడవలెను. ఫోనులో జరిగినదానిని ఆనాడు పైరుమీద సరిచూచుకొనవలెను. కూటమిలేని గుంపు కొలదినాళ్లకే పండుగ శుభాకాంక్షల గుంపగును.

3. ప్రతి సందేశమునకును పెద్దాయన అడిగిన అయిదు ప్రశ్నలకు జవాబుండవలెను. చెప్పినవాడెవ్వడు, ఏ నేల, ఏ వేళ, ఎంత మోతాదు, ఫలితమేమి. జవాబులేని మందుమాటను ఎవ్వరును చేనిలో పెట్టరాదు, ఇతరులకు పంపరాదు.

4. క్రొత్త పద్ధతిని ఎవ్వడును చేనంతట చేయరాదు. నాలుగు సాళ్లలో చేసి, ప్రక్క నాలుగు సాళ్లను మామూలుగా విడిచి, రెంటి చిత్రములను ఒకే దినమున తీసి చూపవలెను.

5. సందేహము తీఱనిచో నిపుణునడుగవలెను. 2004 జనవరి 21న మొదలైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 అను సంఖ్యకు ఖర్చులేకుండ మాటలాడవచ్చును. అడిగినవాడు వినిన జవాబును తనలో నుంచుకొనక గోష్ఠిలో చెప్పవలెను.

6. ఒక లేఖకుని నియమించి, సంవత్సరాంతమున విత్తినతేది, వాన, పురుగు, ఖర్చు, దిగుబడి, ధరలను సంఘపుస్తకమున వ్రాయింపవలెను. ఫోను పోవచ్చును, గుంపు చెదరవచ్చును, సంఘపుస్తకము నిలుచును. చదువుకొన్న ఆడుబిడ్డకు ఈ పని అప్పగించినచో ఇంటిలోని స్త్రీల మాటకూడ పుస్తకమున కెక్కును.

7. అంగడివారు, మందుల వ్యాపారులు గోష్ఠిలో ప్రకటనలు చేయరాదు. వారి మాట వినదలచినవారు వారి అంగడికే పోయి వినవచ్చును.

ఇవి పాటించుట కొంత శ్రమయే. ఉదయమున బుట్ట చూచుట, సంఖ్య వ్రాయుట, తన తప్పును నలుగురిలో చెప్పుట రైతునకు అలవాటు కావలెను. కాని అప్పుతో తెచ్చిన మందు, తెలియని మాట నమ్మి కొట్టిన ఒక్క ట్యాంకు, ఆ యేటి ఆదాయమును మింగగలదని మనలో ఎఱుగనివారెవరు? ఆ నష్టము ముందర ఈ శ్రమ ఎంత?

ఆ పెద్దాయన నేడు లేరు. ఆయన అయిదు ప్రశ్నలు మా గుంపులో ప్రతి మందుమాట క్రిందను నేటికిని ఎవరో ఒకరు వ్రాయుచున్నారు. వ్రాయువారిలో ఆయనను చూడనివారును కలరు. మన పొరుగువాడు నేర్చినది వానితో పోకుండ నిలుపుకొనుటయే సహకార విద్య. ఈ ఖరీఫున విత్తనము కొనుటకు సంఘమునకు వచ్చు సభ్యులు, ఆ దినముననే తమ గ్రామపు గోష్ఠికి పేర్లు వ్రాయించుకొందురుగాక యని కోరుచున్నాము.